రాహుకాలం దాటాక రెండు అడుగులు

ఇది ఆకాశానికీ భూమికీ మధ్య జరిగిన మహాపోరాటం కథ. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు, కింద కరివేపాకు తోటలో నిప్పు ఆర్పి ప్రమాణం చేసిన వదినా మరుదులు, వాళ్ళ మధ్య శాస్త్రం చేతబట్టుకుని నిలబడ్డ ఒక యువ ఇంజనీరు. ఇంత చెప్పాక ఒప్పుకోక తప్పదు. పోరాటం ఒక బోరు గొట్టం గురించి. దాని వెడల్పు ఆరంగుళాలు. యువ ఇంజనీరును నేనే. ఆ రోజు నా చేతిలో ఉన్నది శాస్త్రం కాదు, మజ్జిగ చెంబు.

ఇప్పుడు మదురైలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ముప్పై మూడేళ్ళకే కంపెనీ పని మానేశాను కాబట్టి నా విద్యార్థులు నన్ను రిటైరైనవాడి కిందే జమకడతారు. "మీ సర్వీసులో పెద్ద విజయం ఏంది సార్?" అని అడుగుతారు. విజయాలన్నీ నా బయోడేటాలో ఉన్నాయి, చదివితే మంచి నిద్ర పడుతుంది. అందులో లేనిదొకటి ఉంది. మీలాంటి పిల్లలకు అదే పనికొస్తుంది.

మా కంపెనీ కోయంబత్తూరులో, పంపుసెట్టు మోటార్లకు తీగ చుట్టే దుకాణం పైమేడలో ఉండేది. కింద మోటారు పరీక్షించినప్పుడల్లా పైన మా కాఫీ గ్లాసులు వాటంతటవే బల్ల అంచుకు నడిచేవి. అలాంటి చోట కూర్చుని మేం భూమిని అంగుళాల లెక్కన కొలిచే రిసీవర్లు తయారుచేసేవాళ్ళం. ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను అందుకుని, తాను ఎక్కడున్నదీ చెప్పే యంత్రం అది. అందులో ప్రతిఫలనాల వల్ల వచ్చే తప్పును లెక్కగట్టి తీసేసే ప్రోగ్రాము నాది.

అదేమిటో ఒక్క ముక్కలో చెప్తాను. అమ్మవారి పండగకు మైకు కడితే, పాట ఒకసారి మైకు నుంచి వినిపిస్తుంది, ఇంకోసారి ఎదురుగా ఉన్న మిల్లు గోడకు తగిలి వినిపిస్తుంది. ఏది మైకో ఏది గోడో మన చెవికి తెలుసు. రిసీవరుకు చెవి లేదు. గోడకో రేకుకో తగిలి, చుట్టుదారిన ఆలస్యంగా వచ్చిన సంకేతాన్ని నమ్మిందంటే, తాను లేనిచోట ఉన్నాననుకుంటుంది. అలాంటి మనుషులు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, కాకపోతే వాళ్ళను పొలం కొలవడానికి పంపరు.

ఒక్క సౌకర్యం ఉంది. ఉపగ్రహాలు రోజూ దాదాపు నాలుగు నిమిషాలు ముందుగా ఆకాశంలో అదే చోటికి వస్తాయి. అంటే గోడ వల్ల నిన్న తొమ్మిదింటికి వచ్చిన తప్పు ఇవాళ తొమ్మిదికి నాలుగు నిమిషాల ముందు వస్తుంది. నా ప్రోగ్రాము పొద్దున కొన్ని గంటలు చుట్టూ ఏవేవి సంకేతాన్ని తిప్పికొడుతున్నాయో జాబితా రాసుకుంటుంది. ఆ తర్వాత ఆ జాబితా ప్రకారం తప్పులు తీసేసి, తృప్తిగా ఉంటే పచ్చదీపం వెలిగిస్తుంది. జాబితాలో లేనిది ఏదైనా వస్తే? అది నిజమే అయ్యుంటుందని నమ్ముతుంది. ఎందుకంటే భూమ్మీద వస్తువులు కదలవని నేను అనుకున్నాను. ఎనిమిది మంది చుట్టాలున్న ఇంట్లో, పొద్దున ఉన్న కుర్చీ సాయంత్రానికి అక్కడ ఉండని ఇంట్లో కూర్చుని రాసిన ఊహ అది.

మా ఆఫీసులో నా ప్రోగ్రామును నమ్మనిది ఒక్కరే. అవినాశి నుంచి రోజూ బస్సులో వచ్చే యాభై ఏళ్ళ గణితం మనిషి. మేమంతా ఆవిడను లెక్కలక్క అనేవాళ్ళం. "నీ పచ్చదీపం తొందరపడుతుంది కన్ను, నీ మాదిరే" అనేది, అరవపు ముద్దుపిలుపుతో. నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను.

కారమడై పక్కన ఒక పల్లె నుంచి పిలుపు వచ్చింది. మనవాళ్ళే, ఇంట్లో తెలుగు, బయట అరవం; వాళ్ళ 'దా' అంటే మన 'నే'. ఒక పెద్దమ్మ, భర్త పోయి నాలుగేళ్ళు. ఆమెకు రెండెకరాల కరివేపాకు. దాన్ని ఆనుకుని పడమర పక్క ఆమె మరిది పొలం. రెండింటికీ నడుమ సరిహద్దు రాళ్ళు నాలుగు ఉండాలి, మూడే మిగిలాయి. నాలుగోది ఏ ట్రాక్టరు కిందో పోయింది. పోయిన రాయి పక్కనే ఆమె భర్త వేయించిన బోరు ఉంది. సరిహద్దు దగ్గర ఎవడైనా బోరు వేస్తాడా అని మీరడగవచ్చు. నీళ్ళు చూసేవాడి అరచేతిలో టెంకాయ అక్కడే నిలబడింది. టెంకాయకు సర్వే నంబర్లు తెలియవు.

ఉన్న మూడు రాళ్ళను బట్టి, పాత కాగితాలను బట్టి సరిహద్దు గీత బోరుకు పడమరగా పోతే బోరు పెద్దమ్మది. తూర్పుగా పోతే మరిదిది. పెద్దమ్మకు వేరే నీళ్ళు లేవు. కరివేపాకు కత్తికి చావదు, కోసేకొద్దీ చిగురిస్తుంది. దాహానికి మాత్రం చస్తుంది. అది చిత్తిరై నెల, నడి ఎండాకాలం. బోరు పోతే తోట ఆయుష్షు రెండు వారాలు.

కోర్టుకు పోవద్దు, మిషను ఏది చెప్తే అదే అని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమంటే సంతకం కాదు. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి, బోరు పక్కన స్టాండు మీద నిలబెట్టిన మా రిసీవరు ముందు, అరచేతుల్లో కర్పూరం వెలిగించుకుని, పిడికిలి మూసి ఆర్పారు. ముందు మరిది, తర్వాత పెద్దమ్మ. ఆమె పిడికిలి మూసి, నా వైపు చూసి, "సామి, దీనికి కళ్ళు ఎక్కడుండాయి?" అని అడిగింది. నేను రిసీవరు నెత్తిమీది తెల్లటి డిప్పను చూపించాను. ఆమె దానికి దణ్ణం పెట్టింది. నా ప్రోగ్రాముకు జరిగిన మొదటి పూజ అది. గర్వపడ్డాను, ఎందుకు అబద్ధం చెప్పాలి.

పొద్దున ఆరు నుంచే రిసీవరు నడుస్తోంది. "ఇంక లెక్క మొదలుపెడదామా?" అన్నాను.

ఊరి పెద్దాయన తువ్వాలు సర్దుకున్నాడు. "ఉండు తంబి. ఇంటిలోళ్ళు కలిసి, పూజ ముగించి కూర్చునేదానికి పదిన్నర అవుతుంది. ఇవాళ పదిన్నరకు రాహుకాలం. పన్నెండుకు మీద దా లెక్క."

"మిషనుకు రాహుకాలం లేదు తాతా."

"మిషనుకు లేకుంటే ఏమి? మాకుండాది గదా. అంతకు ముందు అది రాసుకొనేదంతా దాని సొంతం. పన్నెండుకు మీద రాసేది దా మాది."

సరే అనుకున్నాను. శుక్రవారం, శనివారం, మధ్యలో ఆదివారం మానేసి సోమవారం, మూడు రోజుల కొలత. మా ఫీల్డ్ అణ్ణను అక్కడ వదిలి నేను బస్సెక్కాను. అణ్ణకు యాభై రెండేళ్ళు, రక్తపోటు, మంచి మనసు. స్టాండు పక్కనే కూర్చుని కాపలా కాయడం ఆయన పని. ఒకసారి ఒక మేక రిసీవరును పడదోసి, దానితో ఒక పూట మాకు పల్లడం దగ్గర కొత్త కొండ ఒకటి కనబడినప్పటి నుంచి ఆ నియమం.

మూడు రోజులూ ఫోనులో అడిగాను. "అక్కడ ఏమైనా మారిందా అణ్ణా?"

"ఏమీ లేదు సామి. అంతా అట్లనే ఉండాది. ఆ యమ్మ బంగారం. మూడు పూటలా తినిపిస్తుండాది."

సోమవారం మధ్యాహ్నం కాగితం ముద్రించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. నేను చేరేసరికి అణ్ణ స్టాండు మడిచేశాడు, అందరూ మోటారు రూము పక్కన కూర్చున్నారు. మూడు రోజులూ పచ్చదీపమే. గీత బోరుకు ఒక అడుగు తూర్పుగా పోతోంది. బోరు మరిదిది.

ఇలాంటి సందర్భంలో ఎవరైనా అరుస్తారని, ఎవరైనా మన్నెత్తి పోస్తారని మనం అనుకుంటాం. ఎవరూ ఏమీ చేయలేదు. పెద్దమ్మ "సరి సామి" అంది. కొంగు ముడి విప్పి మోటారు రూము తాళంచెవి తీసి మరిది ముందు గట్టు మీద పెట్టింది. తర్వాత లోపలికి వెళ్ళి నాకు మజ్జిగ తెచ్చింది. ఆ చెంబు పట్టుకునే నేను నిలబడ్డాను.

మరిది తాళంచెవి వైపు చూశాడుగాని ముట్టుకోలేదు. "ఇప్పుడేమి తొందర వదినా. ఈ వారం నీళ్ళు పారనీ. తర్వాత చూస్తాం."

"వారం పారితే దానికి ఆశ పుడుతుంది లేప్పా" అంది ఆమె. తోటను గురించే అన్నది. మజ్జిగలో ఉప్పు ఎక్కువైంది. నేను బాగుందన్నాను.

మంగళవారం ఆఫీసులో నా విజయాన్ని వివరిస్తుంటే లెక్కలక్క వినలేదు. "పొద్దున ఆరు నుంచి ఉండేదంతా గీసి చూపించు" అంది. లెక్కలోకి తీసుకున్న గంటలే కాదు, రాహుకాలానికి ముందువి కూడా. గీశాను. మూడు రోజుల గీతలు. మూడింటిలోనూ పొద్దున ఒక చోట బుద్ధిగా ఉన్న చుక్క, ఉన్నట్టుండి రెండు అడుగులు పక్కకు దూకి, మిగిలిన పూటంతా అక్కడే కూర్చుంది. పచ్చదీపం రెండు చోట్లా వెలుగుతూనే ఉంది.

"ఎప్పుడు దూకింది?"

"శుక్రవారం పన్నెండుకు. శనివారం పదిన్నరకు. సోమవారం తొమ్మిదికి."

"నాలుగు నిమిషాలు ముందు రావాల గదా?"

"రావాల. గంటన్నర ముందు వస్తుండాది. ఏ ఉపగ్రహం ఇట్ల పరిగెత్తుతుంది అక్కా?" కొత్త దోషమేదో కనిపెట్టానని నాకు లోపల చిన్న ఆశ. దానికి నా పేరు పెట్టవచ్చు.

ఆవిడ లేచి గోడకున్న రోజుచీటీ క్యాలెండరు దగ్గరికి వెళ్ళింది. మేం ఆ క్యాలెండరును కాఫీ పాలవాడి లెక్క రాయడానికి మాత్రమే వాడేవాళ్ళం. కింద అట్టమీద చిన్న అక్షరాలతో ఉన్న వారపు పట్టిక మీద వేలు పెట్టింది. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది.

"ఆకాశం కాదు కన్ను. మనుషులు. రాహుకాలం అయినాక ఎవురో వచ్చి ఏమో పెడుతుండారు."

ఫీల్డ్ అణ్ణను పిలిచి కూర్చోబెట్టాం. నేను అడిగాను. "అణ్ణా, లెక్క మొదలైనాక స్టాండు పక్కన ఏమి పెట్టినారు?"

"ఏమీ పెట్టలేదే."

"బాగా గుర్తు తెచ్చుకో. కొత్త వస్తువు ఏదైనా?"

"కొత్తదేమి ఉండాది? నీళ్ళ చెంబు. మజ్జిగ. అంతే. ఆ తగరం రెండూ పాతవి దా."

"ఏ తగరం?"

"పాత కోళ్ళ షెడ్డుది. నేను ఎండలో కూర్చున్నానని ఆ యమ్మకు మనసు ఒప్పలేదు. రెండు రేకులు మోసుకొచ్చి గుంజలకు కట్టి నీడ చేసింది. రాహుకాలంలో ఇనుము కదిలించకూడదని, అది ముగిసినాక తెచ్చేది. కొలత ముగిసినాక తీసేసేది." మా మొహాలు చూసి ఆయన గొంతు తగ్గింది. "నీడను కూడా చెప్పాలనా సామి?"

కింద ఎవరో మోటారు తిప్పారు. నా గ్లాసు కొంచెం నడిచింది.

ఆయన తప్పేమీ లేదు. 'ఏమైనా మారిందా' అని నేనడిగాను. అతిథికి నీడ ఇవ్వడం మార్పు కాదు, మర్యాద. నా ప్రోగ్రాములో గోడకు, ట్రాన్స్‌ఫార్మరుకు, తడిసిన నేలకు చోటుంది. మర్యాదకు లేదు. చేయి చాపితే అందే దూరంలో రెండు నిలువు రేకులు తిప్పికొట్టిన సంకేతం పొద్దుటి జాబితాలో లేదు కాబట్టి, అది నిజమని నమ్మి పచ్చదీపం వెలిగింది. ఆ పెద్దమ్మ తన బోరును తన చేతులతోనే, పక్కవాడికి ఎండ తగలకూడదని, మరిది పొలంలోకి జరిపింది. కాదు, జరిపింది నేను. ఆమె రేకులు మాత్రమే జరిపింది.

యజమాని దగ్గరికి వెళ్ళాను. పంపుల వ్యాపారం వదిలి మాకోసం ఆకాశాన్ని నమ్ముకున్న మనిషి.

"తప్పు మనదని ఊరి ముందర చెప్తే, ఇంగ ఈ జిల్లాలో మన మిషను ఎవురు నమ్ముతారు?" అన్నాడు.

నా వెనకే వచ్చిన లెక్కలక్క అందుకుంది. "చెప్పకుంటే మనమే నమ్మలేము గదా."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ చూడడానికి ఎదురింటి నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ లేదు. "ఎన్ని ఎకరాలు ఆ యమ్మకు?"

"రెండు."

"నా కారు తీసుకో. బస్సులో పోతే మళ్ళీ రాహుకాలం వచ్చేస్తుంది."

బుధవారం రాహుకాలం పన్నెండుకు. ఆరింటికే స్టాండు నిలబెట్టాం. రేకులు రెండూ నేనే మోసుకుని ట్రాన్స్‌ఫార్మరు అవతల పడేశాను. వేలు కోసుకుపోయింది. ఎనిమిదింటికి ఊరి పెద్దాయన, మరిది, పెద్దమ్మ వచ్చారు. నేను లేచి, ముందుగా తయారుచేసుకున్న ప్రసంగం మరిచిపోయి, "తప్పు నాది" అన్నాను. రేకుల సంగతి చెప్పాను.

పెద్దమ్మ కాసేపు నన్ను, తర్వాత ఫీల్డ్ అణ్ణను చూసింది. తర్వాత నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేదాకా నవ్వింది. "నీడ పెట్టినదానికి బోరు పోయిందా! మా ఆయన ఉండి ఉంటే నా సంగతి ఊరంతా చెప్పి నవ్వి ఉండేవాడు."

"మళ్ళీ కొలుస్తాం పెద్దమ్మా. రేకులు లేకుండా."

నవ్వు ఆగింది. "వద్దు సామి."

"అది తప్పు కొలత పెద్దమ్మా!"

"తప్పో రైటో, మిషను మాట వింటానని కర్పూరం ఆర్పినాను. నాకు నష్టమైనాక ఇంగోసారి కొలవమంటే, ఊరు ఏమంటుంది? ఓడిపోయి మళ్ళీ ఆడుతుండాది అంటుంది. నా చేతి నిప్పుకు ఏమి మర్యాద? తోట ఎండితే ఎండనీ."

శాస్త్రం దగ్గర దీనికి సూత్రం లేదు. సంకేతం బలం కొలవగలను, కర్పూరం బలం ఎలా కొలవాలి? ఊరి పెద్దాయన వైపు చూశాను. ఆయన తువ్వాలు సర్దుకుంటున్నాడు. ఆయన నిర్ణయాలన్నీ ఆ తువ్వాల్లోంచే వస్తాయి, ఆ రోజు ఏదీ రాలేదు.

మరిది అంతవరకు గట్టు మీద కూర్చుని పుల్లతో మట్టి గీకుతున్నాడు. తల ఎత్తకుండా అన్నాడు. "వదినా, ఆర్పింది నువ్వొకదానివే కాదు."

"ఏమంటుండావప్పా?"

"నేనూ ఆర్పినాను. నా చెయ్యీ కాలింది. మిషను మాట వింటానని దా నేనూ అన్నాను, నీ తగరం మాట వింటానని అనలేదు. నువ్వు వద్దంటే, నేను అడుగుతుండాను. కొలవండి తంబి." పుల్ల పారేశాడు. "రేపు నా మనవడు తాత బోరు కొట్టేసినాడని అనుకోకూడదు. అంత దా."

పెద్దమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఊరి పెద్దాయన "అది సరి" అన్నాడు. ఆ మాట తానే అన్నట్టు తలాడించాడు కూడా.

కొలత మొదలైంది. ఈసారి నేను నియమాలు గట్టిగా చెప్పాను: రేకు వద్దు, ఇనప కడ్డీల గొడుగు వద్దు, ఇత్తడి బిందె కూడా దూరంగా. అందరూ స్టాండుకన్నా కిందగా, నేల మీద కూర్చోవాలి. ఫీల్డ్ అణ్ణ ఎండలో కూర్చున్నాడు. తొమ్మిదయ్యేసరికి ఆయన మెడ ఎర్రబడింది. పెద్దమ్మ పదిసార్లు లేచి పదిసార్లు కూర్చుంది. "ఒక్క తాటాకు అయినా అడ్డం పెట్టనీ సామి, చచ్చిపోతాడు."

"కదలొద్దు పెద్దమ్మా."

"రాయి మనసు నీది."

మరిది తన తువ్వాలు తీసి, నీళ్ళలో ముంచి, అణ్ణ నెత్తిన కప్పాడు. తర్వాత పక్కనే కూర్చున్నాడు. కొంచెం సేపటికి ఆమె కూడా వచ్చి ఇంకో పక్క కూర్చుంది. నాలుగేళ్ళుగా ఒక పంక్తిలో భోంచేయని ఇద్దరు, నడుమ మా అణ్ణ, చిత్తిరై ఎండలో. ఈ చోట నాకు కళ్ళు చెమ్మగిల్లాయని రాయాలి. చెమట పడి మండాయి, అంతవరకే ఖాయంగా చెప్పగలను.

పదకొండున్నరకు ఆపాను. చుక్క పొద్దుటి నుంచి ఉన్నచోటే ఉంది, దూకలేదు. గీత బోరుకు ఒక అడుగు పడమర. బోరు పెద్దమ్మది. ఈసారి పచ్చదీపాన్ని నేను చూడనేలేదు. పొద్దుటి నుంచీ వచ్చిన చుక్కలన్నిటినీ ఒక్కొక్కటిగా చూశాను, మూడుసార్లు.

చెప్పాను. మరిది "సరి" అన్నాడు. మొన్న ఆమె అన్న "సరి" కన్నా అది పెద్దగానూ లేదు, చిన్నగానూ లేదు. సోమవారం నుంచి గట్టు మీదే ఉన్న తాళంచెవిని ఎవరూ తీయలేదు. ఆయన దాన్ని తీసి మట్టి దులిపి ఆమెకిచ్చాడు. ఆమె కొంగున ముడివేసుకుంది. "మధ్యాహ్నం మీద నీ టెంకాయలకు కొంచెం నీళ్ళు తిప్పుకో" అంది. ఆయన చూద్దామన్నాడు.

తర్వాత నేను ప్రోగ్రాము మార్చాను. జాబితాలో లేని గట్టి సంకేతం కనబడితే ఇప్పుడు అది పచ్చదీపం వెలిగించదు, 'పక్కన ఏమి పెట్టారు?' అని అడుగుతుంది. లెక్కలక్క ఆ వాక్యాన్ని అరవంలోనూ రాయించింది. యజమాని భయపడినట్టు రిసీవర్లు అమ్ముడుపోకుండా ఏమీ ఆగలేదు. ఆశపడినంతగా అమ్ముడుపోనూ లేదు. పిల్లలూ, మీరు రాసే ప్రతి లెక్కలోనూ 'ఇది కదలదు' అని ఒక వస్తువు ఉంటుంది. దాన్ని ఎవరు కదుపుతారో, ఎందుకు కదుపుతారో వెళ్ళి చూసి రండి. చాలాసార్లు వాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు, అందుకే కనిపెట్టడం కష్టం.

ఆ బుధవారం రాహుకాలం దాటాక, ఒకటిన్నరకు, మేము చూపిన చోట గుంట తవ్వి కొత్త రాయి నిలబెట్టారు. అది మళ్ళీ ఏ ట్రాక్టరు కిందా పోకూడదని మేస్త్రీ చుట్టూ సిమెంటు పోశాడు. నేను ఏదో ఒక మాట చెప్పాలని గొంతు సవరించుకున్నాను. మేస్త్రీ నాకన్నా ముందు అందుకున్నాడు. సిమెంటు గట్టిపడాలంటే ఏడు రోజులు తడి ఆరకూడదు, పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె పోయాలి అన్నాడు, పెద్దమ్మనూ మరిదినీ ఇద్దరినీ చూసి.